బెంగకు ఒక చోటు

(రెసిడెన్షియల్ పాఠశాలలో కొత్తగా చేరిన విద్యార్థుల తల్లిదండ్రుల సమావేశంలో ఒక విశ్రాంత వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవారు దయచేసి ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

మీరంతా ఇవాళ పొద్దున్నే ట్రంకు పెట్టెలు దించుకుని, పిల్లల మంచాలు వెతుక్కుని, దుప్పట్లు పరిచి వచ్చారు. నేను వరండాలో నిలబడి చూస్తూనే ఉన్నాను. ఒక తండ్రి పరుపు మీద అరచెయ్యి అదిమి చూశారు. ఒక తల్లి కిటికీ గడియను మూడుసార్లు వేసి, తీసి చూసుకున్నారు. ఇంకో గంటలో మీరు బయలుదేరతారు. మీరు గేటు దాటాక లోపల ఏం జరుగుతుందో చెప్పమని నన్ను పిలిచారు.

నేను 22 ఏళ్ళు ప్రైవేటు రెసిడెన్షియల్ పాఠశాలల్లో వార్డెన్‌గా పనిచేశాను. పాఠాలు చెప్పలేదు. ఉపాధ్యాయుల పని ముగిసే వేళకు నా పని మొదలయ్యేది. అందుకని మార్కుల గురించి నేనేమీ మాట్లాడను, దానికి తగినవారు వేరే ఉన్నారు. సాయంత్రం ఆటల గంట మోగినప్పటి నుంచి మర్నాడు పొద్దున్న ప్రార్థన దాకా ఉన్న 14 గంటల గురించి చెబుతాను. రోజులో సగానికి మించిన సమయం అది. బడిలో చేర్చే ముందు మీరు చదివిన కరపత్రంలో దాని గురించి రెండు వాక్యాలు కూడా ఉండి ఉండవు. పిల్లలు పెరిగేది ఎక్కువగా ఆ గంటల్లోనే.

మొదటి నెలంతా ఆ గంటల్ని ఏలేది బెంగ. ఈ మాట దగ్గర ఒక్క నిమిషం ఆగండి. భయం వేస్తుంది, ఏడుపు వస్తుంది. బెంగ మాత్రం పెట్టుకుంటాం. అమ్మ మీద బెంగ పెట్టుకున్నాడు అంటాం, చెల్లెలి మీద బెంగ పెట్టుకుంది అంటాం. మనసులో ఒక మనిషి ఉంటేనే బెంగ ఉంటుంది. కాబట్టి మీ పిల్లలు బెంగ పెట్టుకున్నారని తెలిస్తే వాళ్ళు పిరికివాళ్ళని అనుకోకండి. మీ పెంపకంలో లోపమని అసలే అనుకోకండి.

వైద్యులు దీన్ని ఎప్పుడో గుర్తించారు. 1688లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో యోహానెస్ హోఫర్ అనే 19 ఏళ్ళ వైద్య విద్యార్థి తన సిద్ధాంత వ్యాసానికి ఇంటిబెంగనే అంశంగా తీసుకున్నాడు. గ్రీకు భాషలో ఇంటికి తిరిగిరావడం, నొప్పి అనే అర్థాలున్న రెండు మాటలు కలిపి ‘నోస్టాల్జియా’ అని పేరు పెట్టాడు. పాత రోజులు తలచుకుని మురిసిపోవడానికి ఇప్పుడు అందరూ వాడుతున్న ఆ మాట పుట్టింది ఒక జబ్బుకు పేరుగా. హోఫర్ వర్ణించిన రోగుల్లో ఒకడు బెర్న్ నుంచి బాసెల్‌కు చదువుకోవడానికి వచ్చిన కుర్రవాడు. జ్వరంతో చిక్కి శల్యమైపోయాడు. ఇక బతకడనుకుని, ఎలాగైనా ఇంటికి చేర్చాలని ప్రయాణం కట్టించారు. కొన్ని మైళ్ళు దాటేసరికే ఊపిరి తేలికపడింది. బెర్న్ చేరేలోగా కోలుకున్నాడు.

ఈ సంగతి చదివినప్పుడు నాకు మా సిక్ రూమ్ గుర్తుకొచ్చింది. ఆదివారం సాయంత్రం దాని ముందు వరస కట్టేవారు. ఒకడికి కడుపునొప్పి, ఇంకొకడికి తలనొప్పి, మరొకడి కాలు బెణికింది. ఆదివారం తల్లిదండ్రులు చూడటానికి వచ్చే రోజు. ఎవరూ రాని పిల్లలకూ నొప్పి వచ్చేది, వచ్చినవాళ్ళు వెళ్ళిపోయిన పిల్లలకూ వచ్చేది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను వాళ్ళను నటిస్తున్నారని గద్దించి పంపేసేవాణ్ణి. మా నర్సు అలా కాదు. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, పొట్ట మీద చెయ్యి వేసి, “ఎక్కడ?” అని అడిగేది. సగం మంది అక్కడే ఏడ్చేసేవారు. ఏడ్చాక నొప్పి తగ్గేది. అంతకుముందు నొప్పి లేదని నేనెలా అనగలను? ఉంది. దానికి వాళ్ళ దగ్గర ఇంకో పేరు లేదు, అంతే.

రోల్డ్ డాల్ అనే బ్రిటిష్ రచయిత మీకు తెలిసే ఉంటాడు, పిల్లలకు కథలు రాసినవాడు. 1925లో, తొమ్మిదేళ్ళ వయసులో, వేల్స్‌లోని ఇంటి నుంచి సముద్రపు పాయకు అవతలి ఒడ్డున ఉన్న బోర్డింగ్ స్కూల్లో చేరాడు. రాత్రి పడుకునేటప్పుడు ఇల్లు ఏ దిక్కున ఉందో చూసుకుని, అటు తిరిగి పడుకునేవాడట. ఆ దిక్కుకు ఎప్పుడూ వీపు పెట్టలేదని రాసుకున్నాడు. బెంగ భరించలేక, తన అక్కకు అపెండిసైటిస్ వచ్చినప్పుడు చూసిన లక్షణాలను తాను నటించి ఇంటికి చేరాడు. ఇంటి దగ్గరి డాక్టరు పొట్ట నొక్కి చూడగానే కనిపెట్టాడు. కోప్పడలేదు. బెంగ పెట్టుకున్నావు కదూ అన్నట్టు మాట్లాడి, బడికి వేరే కారణం చెప్పి, మూడు రోజులు ఇంట్లో ఉండనిచ్చి వెనక్కి పంపాడు. ఆ డాక్టరంటే నాకు గౌరవం. ఒక పెద్దమనిషి తనను అర్థం చేసుకున్నాడని తెలిస్తే చాలు, ఆ తర్వాత ఎంత బరువైనా పిల్లలు మోస్తారు.

ఆ బడిలో ప్రతి ఆదివారం ఇంటికి ఉత్తరాలు రాయించేవారు. హెడ్‌మాస్టరు బల్లల మధ్య తిరుగుతూ, తప్పులు దిద్దే నెపంతో పిల్లల భుజాల మీదుగా ఉత్తరాలు చదివేవాడు. ఇక బడి గురించి చేదుగా ఒక్క మాటైనా ఎవరు రాస్తారు? ఆ తర్వాత జీవితంలో ఎక్కడున్నా డాల్ తల్లికి రాస్తూనే ఉన్నాడు. 600కు పైగా ఉత్తరాలను ఆమె కట్టలు కట్టి, ఆకుపచ్చ నాడాతో చుట్టి, కొడుక్కి కూడా చెప్పకుండా దాచుకుంది. బడి నుంచి వచ్చిన ఆ ఉత్తరాల్లో బెంగ లేదు. అన్నీ బాగున్నాయనే ఉంది.

ఇప్పుడు ఉత్తరాల స్థానంలో ఫోను వచ్చింది. మా హాస్టల్లో ఫోను మెట్ల పక్కన గోడకు ఉండేది. వరసలో పాతికమంది, ఒక్కొక్కరికి అయిదు నిమిషాలు. ఒక అమ్మాయి నాకు బాగా గుర్తు. రిసీవరు చెవి దగ్గర పెట్టుకుని, రెండో చేత్తో గోడ మీద పెచ్చు లేచిన సున్నాన్ని గోరుతో గీకుతూ మాట్లాడేది. “బాగున్నాను. తిన్నాను. ఆఁ, చదువుతున్నాను. బాగున్నాను.” ఏడాది గడిచేసరికి ఆ చోట అరచేతి వెడల్పున ఇటుక బయటపడింది. వెనక నిలబడిన ఇరవైమంది వింటుంటే, పక్కన వార్డెన్ కుర్చీ వేసుకుని కూర్చుంటే ఆ పిల్ల ఇంకేం చెబుతుంది? ఆ కుర్చీ నాదే. అల్లరి జరగకుండా కూర్చున్నానని అనుకునేవాణ్ణి. హెడ్‌మాస్టరు భుజాల మీదుగా చదివిన పనే నేనూ చేశానని చాలా ఆలస్యంగా అర్థమైంది. 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో 16వ అధికరణం పిల్లల ఏకాంతానికీ, ఉత్తర ప్రత్యుత్తరాలకూ రక్షణ ఉండాలంటుంది. నేను వార్డెన్‌గా చేరేనాటికే అది ఉంది. నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ వెతుక్కోలేదు. తర్వాత ఫోనును సిక్ రూమ్ పక్కనున్న చిన్న గదిలోకి మార్పించాం, తలుపు ఉన్న గదిలోకి. ఆ మొదటి వారం పిల్లలు బయటికి వచ్చేటప్పుడు కళ్ళు ఎర్రగా ఉండేవి. కొందరు తల్లిదండ్రులు కంగారుపడి, ఇన్నాళ్ళూ బాగున్న పిల్లలు ఇప్పుడెందుకు ఏడుస్తున్నారని అడిగారు. ఇన్నాళ్ళూ ఏడవడానికి చోటు లేదండీ అని చెప్పాను.

ఇంకో తప్పు చెప్పాలి. ఇది చెప్పకుండా ఈ వేదిక దిగలేను.

11 ఏళ్ళ పిల్లవాడు. నెమ్మదస్తుడు, ఎవరితోనూ పేచీ లేదు. అతని ట్రంకు పెట్టెలో అడుగున ఒక ప్లాస్టిక్ కవరు, ముడి వేసి ఉండేది. లోపల ఒక పాత చీర ముక్క, వాళ్ళ అమ్మది. రాత్రి దీపాలు ఆర్పాక పెట్టె తెరిచిన చప్పుడు, కవరు ముడి విప్పిన చప్పుడు, కాసేపటికి మళ్ళీ ముడి వేసిన చప్పుడు నాకు వినబడేవి. ఏం తింటున్నాడో అనుకున్నాను. ఒకరోజు పెట్టెల తనిఖీలో కవరు దొరికింది. గుడ్డ మాసి ఉంది. ఉతకని గుడ్డలు పెట్టెల్లో ఉండకూడదన్నది మా నియమం. లాండ్రీకి వేసేశాను. రెండు రోజుల తర్వాత శుభ్రంగా, ఇస్త్రీ మడతతో తిరిగొచ్చింది. వాడు దాన్ని చేతిలోకి తీసుకుని ముఖానికి ఆనించుకున్నాడు. మళ్ళీ ఒకసారి ఆనించుకున్నాడు. తర్వాత మడత పెట్టి నా బల్ల మీద పెట్టి, “ఇక అక్కర్లేదండీ” అని వెళ్ళిపోయాడు. ఏడవలేదు. ఆ వాసన ఇంకెక్కడి నుంచి తెచ్చిస్తాను వాడికి?

అమెరికాలో పనిచేసిన సమాజ శాస్త్రవేత్త ఎర్వింగ్ గాఫ్‌మన్ 1961లో ఒక ఆలోచన ప్రతిపాదించాడు. బయటి ప్రపంచంలో మనం ఒకచోట నిద్రపోతాం, ఇంకోచోట పనిచేస్తాం, మరోచోట ఆడుకుంటాం. ఒక్కోచోట ఒక్కో పెద్ద. కొన్ని సంస్థల్లో ఈ మూడూ ఒకే ప్రాంగణంలో, ఒకే అధికారం కింద, ఒకే గంటకు అందరికీ జరుగుతాయి. అలాంటివాటి జాబితాలో ఆయన జైళ్ళనూ, మానసిక చికిత్సాలయాలనూ, సైనిక శిబిరాలనూ, ఓడలనూ చేర్చాడు. బోర్డింగ్ స్కూళ్ళనూ చేర్చాడు. లోపలికి వచ్చిన మనిషి దగ్గర సొంత వస్తువులు తీసేసుకుని, అందరికీ ఒకే రకం ఇచ్చినప్పుడు అతనిలో ‘నేను’ అన్నది ఎలా చెదురుతుందో వివరంగా రాశాడు. మన బడిని జైలుతో కలిపి చెప్పాడని నొచ్చుకునే బదులు, ఆ చీర ముక్క విషయంలో నేను చేసినదేమిటో నాకు తెలియజెప్పినందుకు నేనాయనకు రుణపడి ఉన్నాను.

ఇక రాత్రుల సంగతి. దీపాలు ఆర్పాక డార్మిటరీలో పాలన మారుతుంది. అప్పటి నుంచి పెద్ద పిల్లలే అధికారులు. ఇది ఇవాళ్టిది కాదు. ఇంగ్లండ్‌లో 1382లో వించెస్టర్ కాలేజీ, 1440లో ఈటన్ మొదలైనప్పుడు ఒక్కోదానిలో 70 మంది పేద విద్యార్థులకు ఉచితంగా చదువు చెప్పాలన్నది వ్యవస్థాపకుల సంకల్పం. పోనుపోను అవి ధనికుల బళ్ళయ్యాయి, వందలమంది చేరారు, చూసుకునే పెద్దలు మాత్రం కొద్దిమందే. రగ్బీ స్కూలుకు 1828 నుంచి 1842 దాకా హెడ్‌మాస్టరుగా ఉన్న థామస్ ఆర్నాల్డ్ పై తరగతి విద్యార్థులకు క్రమశిక్షణ బాధ్యత అప్పగించి, ఆ పద్ధతిని బడికి వెన్నెముకగా నిలబెట్టాడు. ఆయన ఉద్దేశం మంచిదే, వాళ్ళను బాధ్యత తెలిసిన మనుషులుగా చేయాలని. కానీ ఆ బళ్ళలో చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ బూట్లు తుడవడం, పక్కలు సర్దడం, దెబ్బలు తినడం 20వ శతాబ్దంలో కూడా సాగింది. పెద్దల చేతి బెత్తం సంగతీ అంతే. ప్రభుత్వ పాఠశాలల్లో 1987లోనే ఆగిన బెత్తం ఇంగ్లండ్ ప్రైవేటు బళ్ళలో 1999 దాకా చట్టప్రకారం ఆగలేదు. గోడలు ఎత్తుగా ఉన్నచోటికి చట్టం ఆలస్యంగా చేరుతుంది.

చిన్నవాళ్ళను పెద్దవాళ్ళు ఏడిపిస్తే అది వార్డెన్ దాకా రాకపోవడానికి కారణం ఒక్క మాట. చాడీలు. చాడీలు చెప్పేవాడని పేరు పడితే ఆ పిల్లవాడికి డార్మిటరీలో బతుకు ఉండదు. మనమూ ఇంట్లో అదే నేర్పాం కదా, చాడీలు చెప్పకు అని. దయచేసి ఇవాళ వెళ్ళే ముందు మీ పిల్లలకు తేడా చెప్పి వెళ్ళండి. ఇంకొకరికి శిక్ష పడాలని చెప్పేది చాడీ. ఒకరికి దెబ్బ తగలకుండా ఆపడానికి చెప్పేది సాయం. తన గురించైనా, పక్క మంచం పిల్ల గురించైనా.

చెప్పే అలవాటు దానంతటది రాదు, దానికి ఏర్పాటు కావాలి. ఎ.ఎస్. నీల్ 1921లో స్థాపించిన సమ్మర్‌హిల్ అనే బోర్డింగ్ స్కూల్లో ఒక సభ జరుగుతుంది. పిల్లలూ పెద్దలూ అందరూ కూర్చుంటారు, నియమాలు చర్చిస్తారు, ఫిర్యాదులు వింటారు. ఓటు వేయాల్సి వస్తే ఆరేళ్ళ పిల్లకూ ఒకటే ఓటు, ప్రధానోపాధ్యాయుడికీ ఒకటే ఓటు. ఆ బడిలో తరగతులకు హాజరు కావడం కూడా పిల్లల ఇష్టమే. అంత దూరం వెళ్ళడానికి నాకు మనసొప్పలేదు, నేను గంట కొట్టి బతికిన మనిషిని. సభను మాత్రం తెచ్చుకున్నాం. శనివారం రాత్రి చదువు గంట తీసేసి, డార్మిటరీలో నేల మీద గుండ్రంగా కూర్చునేవాళ్ళం. మూడు నెలలు ఎవరూ మనసులో మాట చెప్పలేదు. కుళాయి కారుతోందని చెప్పేవారు, ఫ్యాను చప్పుడు చేస్తోందని చెప్పేవారు. చెప్పిన కుళాయిని ఆదివారం మధ్యాహ్నానికల్లా బాగుచేయించేవాణ్ణి. నాలుగో నెలలో ఒక పిల్లవాడు లేచి, “నా పుస్తకాలు రోజూ తడిసి ఉంటున్నాయి” అన్నాడు. ఎవరు తడుపుతున్నారో చెప్పలేదు. గది అంతా నిశ్శబ్దం. ఆ రాత్రి తర్వాత పుస్తకాలు తడవలేదు. కుళాయి బాగుపడటం చూశాడు కాబట్టే వాడికి ధైర్యం వచ్చిందని నా నమ్మకం.

మిమ్మల్ని భయపెట్టి పంపడం నా ఉద్దేశం కాదు. ఈ జీవితంలో ఉన్న సంతోషం కూడా నాకు తెలుసు, 22 ఏళ్ళు దాని పక్కనే పడుకున్నాను. కరెంటు పోయిన రాత్రి 40 మంది పిల్లలు ఒకే కథను తలా ఒక వాక్యం చెబుతూ పొడిగించుకుంటూ పోతుంటే తలుపు బయట నిలబడి విన్నాను. జ్వరం వచ్చిన స్నేహితుడి మంచం పక్కన నేల మీద చాప వేసుకుని, వెళ్ళి పడుకో అన్నా కదలని పిల్లవాణ్ణి చూశాను. ఇంట్లో ఒక్కతే బిడ్డగా పెరిగి, దువ్వెన కూడా ఎవరికీ ఇవ్వని అమ్మాయి, రెండో ఏడు కొత్తగా వచ్చిన చిన్నపిల్లకు తానే జడ వేయడం చూశాను. ఒకే గదిలో అయిదేళ్ళు పడుకున్నవాళ్ళకు ఒకరి దగ్గు ఒకరికి తెలుసు, నిద్రలో ఎవరు ఏం కలవరిస్తారో తెలుసు. అలాంటి స్నేహం మరెక్కడా దొరకదు. ముప్పై నలభై ఏళ్ళు వచ్చిన మా పాత పిల్లలు ఇప్పటికీ ఒకరి ఇంట్లో కష్టం వస్తే తెల్లారేసరికి అక్కడుంటారు.

వాళ్ళలోనే ఇంకో రకం వాళ్ళూ ఉన్నారు. మంచి ఉద్యోగం, మర్యాద, వేళకు నిద్ర లేవడం. భార్య అడిగినా, పిల్లలు అడిగినా, ఎలా ఉన్నావంటే “బాగున్నాను” తప్ప ఇంకో మాట రాదు. బ్రిటన్‌కు చెందిన మానసిక చికిత్సకురాలు జాయ్ షావెరియన్ చిన్న వయసులోనే బోర్డింగ్‌లో చేరిన పెద్దవాళ్ళలో కనిపించే ఇలాంటి బాధలకు 2011లో ‘బోర్డింగ్ స్కూల్ సిండ్రోమ్’ అని పేరు పెట్టింది. ఇల్లు ఒక్కసారిగా పోయినప్పటి దుఃఖాన్ని ఎవరికీ చెప్పుకోలేక దాచేసిన పిల్లలు, పెద్దయ్యాక కూడా మనసు విప్పలేకపోతారని ఆమె గమనించింది. అందరూ అలా అవుతారని కాదు. గోడ గీకుతూ మాట్లాడిన ఆ అమ్మాయి మాత్రం నాకు అది చదువుతున్నంతసేపూ కళ్ళ ముందే ఉంది.

కాబట్టి ఫోను చేసినప్పుడు “బాగున్నావా?” అని అడగకండి. దానికి ఒకటే జవాబు ఉంది. నీ పక్క మంచం ఎవరిది, కిటికీలోంచి ఏం కనిపిస్తుంది, రాత్రి ముందుగా నిద్రపోయేది ఎవరు, ఇవాళ ఎవరి పక్కన కూర్చున్నావు అని అడగండి. నాలుగు వారాలైనా పక్క మంచం పేరు మీ బిడ్డకు తెలియకపోతే వార్డెన్‌కు ఫోను చేయండి, రాత్రయినా సరే. ఏడిస్తే ఏడవనివ్వండి. నువ్వు ఏడిస్తే అమ్మ కూడా ఏడుస్తుంది అనకండి, ఆ మాట విన్న పిల్లలు ఆ తర్వాత ఏడవరు. నచ్చకపోతే వచ్చేద్దువుగానిలే అని మొదటి వారంలోనే మాట ఇవ్వకండి. ఆ మాట పట్టుకుని రోజూ గేటు వైపే చూస్తారు, పక్కవాళ్ళ వైపు చూడరు. కానీ నెలలు గడిచినా పిల్ల తినక, నిద్రపోక, చిక్కిపోతూ ఉంటే పరువు గురించి ఆలోచించకుండా తీసుకెళ్ళిపోండి. బెర్న్ కుర్రవాణ్ణి గుర్తుంచుకోండి.

సెలవులకు వచ్చినప్పుడు మొదటి రెండు రోజులు వాళ్ళు చుట్టాల్లా మసులుతారు. తమ గదిలోకి వెళ్ళడానికి కూడా తలుపు దగ్గర ఆగుతారు, గంట మోగకపోయినా అయిదింటికే లేచి కూర్చుంటారు. రిపోర్టు కార్డు ఆ రెండు రోజులు తెరవకండి. రెండోసారి తిరిగి రావడం మొదటిసారి కంటే కష్టం, ఎందుకంటే ఇప్పుడు ఏం వదిలి వస్తున్నారో వాళ్ళకు తెలుసు. తిరిగి వచ్చే రోజుకు ముందే ఇంట్లో విసుగు, తగాదాలు మొదలవుతాయి. అది పొగరు కాదు.

పెట్టెలో ఉండాల్సిన వస్తువుల జాబితా మీకు ఇచ్చారు కదా. అన్నిటి మీదా పేరు కుట్టమన్నారు. చివర్లో ఒక గీత ఖాళీగా ఉంటుంది. అది అచ్చుతప్పు కాదు, ఇక్కడి వార్డెన్లను అడిగి నేను పెట్టించినది. ఇంటి నుంచి ఏదో ఒక వస్తువు, పిల్లలే ఎంచుకున్నది. గుడ్డ ముక్క కావచ్చు, తాళంచెవి కావచ్చు. దాన్ని తనిఖీ చేయరు, లాండ్రీకి వేయరు. ఇంకా ఏమీ పెట్టనివారు ఇప్పుడైనా అడగండి. మీ చేతి రుమాలే అడుగుతారేమో, ఇచ్చి వెళ్ళండి.

వెళ్ళేటప్పుడు మాత్రం చెప్పకుండా వెళ్ళకండి. ఆటలో పడ్డాడు కదా, మెల్లగా జారుకుందాం అని కొందరు అనుకుంటారు. వెనక్కి తిరిగి చూస్తే మీరు లేకపోవడం ఆ పిల్లలు ఎన్నాళ్ళయినా మరిచిపోరు. దగ్గరికి పిలిచి, మళ్ళీ వచ్చే తేదీ చెప్పండి, క్యాలెండరులో ఆ తేదీ చుట్టూ వాళ్ళ చేతే గీత గీయించండి, ఆ తేదీకి రండి.

ఆటల గంటకు ఇంకా పది నిమిషాలుంది. పిల్లలంతా మైదానం పక్కన చెట్ల కింద ఉన్నారు. వెళ్ళండి.